నెలాఖరు అప్పు ఫోన్‌లో వెతకొద్దు

తార్నాక చుట్టుపక్కల గదులు తీసుకుని చదువుకుంటున్నవాళ్లూ, ఉస్మానియా హాస్టళ్లలో ఉంటున్నవాళ్లూ, మాణికేశ్వర్‌నగర్‌లో, లాలాపేటలో రోజు కూలితో ఇల్లు నెట్టుకొస్తున్నవాళ్లూ ఈ హెచ్చరికను వాయిదా వేయకుండా చదవాలి. నెలాఖరుకు రెండు మూడు వేలు తక్కువపడితే ఫోన్‌లో కనిపించే ఇన్‌స్టంట్‌ లోన్‌ యాప్‌ జోలికి పోవద్దు. కమీషన్‌ వస్తుందని మీ బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌ను ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఇంట్లో కూర్చుని సంపాదించవచ్చని చెప్పి ముందు మీ దగ్గరే డబ్బు కట్టించుకునే పనిలో చేరొద్దు. ఈ మూడు ఉచ్చులూ చేతిలో డబ్బు ఆడనివాళ్లను వెతుక్కుంటూ వస్తాయి.

ఈ ప్రాంతంలో డబ్బుకు ఇబ్బంది పడేవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. నల్లగొండ, పాలమూరు, ఆదిలాబాద్, ఖమ్మం పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. హాస్టల్‌లో సీటు దొరక్క స్నేహితుల గదిలో నాన్‌ బోర్డర్లుగా సర్దుకునేవాళ్లు. గ్రూప్స్‌ నోటిఫికేషన్‌ కోసం ఏళ్లకేళ్లు లైబ్రరీలో కూర్చుని చదివేవాళ్లు. ఇంటి నుంచి డబ్బు రావాలంటే అక్కడ పత్తి అమ్ముడుపోవాలి, లేదా వడ్ల పైసలు పడాలి. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్‌ నెలల తరబడి ఆగుతాయి. గది అద్దె, మెస్‌ బిల్లు మాత్రం ఆగవు. ఇలాంటి రోజున ఫోన్‌లో ఒక ప్రకటన కనిపిస్తుంది. హామీ అక్కర్లేదు, ఆధార్, పాన్‌ ఉంటే చాలు, అయిదు నిమిషాల్లో డబ్బు అంటుంది. దుబారా కోసం దాన్ని నొక్కేవాళ్లు తక్కువ. అద్దె కట్టడానికి, పరీక్ష ఫీజుకు, అమ్మ మందులకు నొక్కేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ మోసం ఇంత క్రూరమైనది.

ఆ డబ్బు ఖరీదెంతో లెక్క వేసి చూద్దాం. ఈ మోసపు యాప్‌లు నడిచే తీరు ఇది: 5,000 రూపాయలు మంజూరైందంటారు. ప్రాసెసింగ్‌ ఫీజు, జీఎస్టీ, ఇంకేవో పేర్లు చెప్పి కోసుకుని చేతికి 3,000 ఇస్తారు. ఏడు రోజుల్లో 5,000 కట్టమంటారు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా ఆ మూడు వేలకు నెలకయ్యే వడ్డీ 60 రూపాయలు. ఇక్కడ వారానికే 2,000. నెల లెక్కన నూటికి 285 రూపాయలు దాటుతుంది. ఏ వడ్డీ వ్యాపారీ నోరు తెరిచి అడగలేని వడ్డీ ఇది. గడువు రోజున కట్టలేకపోతే ఆ యాప్‌ మనిషే ఫోన్‌ చేసి మరో యాప్‌ పేరు చెబుతాడు. దాంట్లో తీసుకుని దీనికి కట్టమంటాడు. అలా ఒకటి రెండవుతుంది, రెండు పది అవుతాయి. మూడు వేలతో మొదలైన అప్పు లక్షల్లోకి వెళ్లేది ఈ దారినే.

అసలు తాకట్టు ఏమిటో అప్పుడు తెలుస్తుంది. యాప్‌ పెట్టుకుంటున్నప్పుడే కాంటాక్టులకు, ఫొటోలకు, మెసేజీలకు అనుమతి అడుగుతుంది. మనం చూడకుండా ఒప్పుకుంటాం. గడువు దాటిన మర్నాడే నాన్నకు, అన్నకు, ప్రొఫెసర్‌కు, పెళ్లి సంబంధం మాట్లాడుతున్న ఇంటికి ఫోన్లు వెళ్తాయి. దొంగ అని పేరు పెట్టి ఫొటో పంపుతారు. ఆడపిల్లల ముఖాలను నగ్నచిత్రాలకు అతికించి వాట్సాప్‌లో తిప్పుతామని బెదిరిస్తారు. 2020 చివర్లో ఈ వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ డిసెంబరులోనే హైదరాబాద్, సైబరాబాద్‌ పోలీసులు కాల్‌ సెంటర్ల మీద దాడులు చేసి, చైనా దేశస్థులతో సహా పలువురిని అరెస్టు చేశారు. ఆ కాల్‌ సెంటర్లలో కూర్చుని బెదిరింపు ఫోన్లు చేసింది చిన్న జీతాలకు చేరిన యువతీయువకులే. ఉద్యోగం దొరకని ఒకరి చేత, డబ్బు దొరకని మరొకరిని తిట్టించిన వ్యాపారమిది.

ఆ తర్వాత రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ఒక వర్కింగ్‌ గ్రూపును వేసింది. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే మన ఆండ్రాయిడ్‌ ఫోన్లకు దాదాపు 1,100 అప్పు యాప్‌లు అందుబాటులో ఉన్నాయనీ, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవనీ ఆ గ్రూపు తేల్చింది. ఒకటి మూయిస్తే పేరు మార్చుకుని ఇంకొకటి వస్తుంది. కాబట్టి ప్లే స్టోర్‌లో ఉంది గదా అని నమ్మడానికి లేదు.

నమ్మాల్సింది నిబంధనలను. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు, 2025 మే 8న వాటిని ఒకచోటికి తెచ్చిన కొత్త ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి. అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్‌ కంపెనీ పేరు యాప్‌లో కనిపించాలి. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటుతో వివరాల పత్రం ముందే ఇవ్వాలి. వద్దనుకుంటే అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడే వ్యవధి ఉండాలి. మీ కాంటాక్టుల జాబితా, ఫొటోలు, కాల్‌ వివరాలు చూసే హక్కు ఏ అప్పు యాప్‌కూ లేదు. రిజర్వు బ్యాంకు మరో నిబంధన ప్రకారం వసూలు కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్‌ చేయకూడదు. బ్యాంకులు, ఫైనాన్స్‌ కంపెనీలు తాము వాడుతున్న యాప్‌లంటూ ఇచ్చిన జాబితా 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. ఒక యాప్‌ కాంటాక్టులు అడిగిందంటే, దాని వెనక ఏ బ్యాంకు ఉందో చెప్పలేదంటే, ఇక ఆలోచించాల్సింది ఏమీ లేదు. తీసేయండి.

రెండో ఉచ్చు క్యాంపస్‌కు ఇంకా దగ్గరగా తిరుగుతోంది. తెలిసిన సీనియరో, జిరాక్స్‌ షాపు దగ్గర పరిచయమైనవాడో వస్తాడు. నీ పేరు మీద ఒక ఖాతా తెరిచి కార్డు, సిమ్, పాస్‌బుక్‌ నాకివ్వు, నెలకు ఇంత ఇస్తాను అంటాడు. గేమింగ్‌ కంపెనీ డబ్బు అనో, పన్ను కోసం అనో కారణం చెబుతాడు. ఆ ఖాతాలోకి వచ్చేది ఎవరో రిటైర్డ్‌ టీచర్‌ను డిజిటల్‌ అరెస్టు పేరుతో భయపెట్టి దోచుకున్న సొమ్ము కావచ్చు. పోలీసులు డబ్బు జాడ పట్టుకుని మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల గది ముందుకే. అసలు దొంగ ఏ దేశంలో ఉంటాడో ఎవరికీ తెలియదు. ఇటువంటి అనుమానిత ఖాతాల వివరాలు బ్యాంకులన్నిటికీ అందేలా కేంద్రం 2024 సెప్టెంబరులో సస్పెక్ట్‌ రిజిస్ట్రీ తెచ్చింది. మీ ఖాతాను స్తంభింపజేస్తే స్కాలర్‌షిప్‌ డబ్బు కూడా అందులోనే ఇరుక్కుంటుంది. కేసు నమోదైతే రేపు గ్రూప్స్‌లో ఎంపికైనా పోలీసు విచారణ దగ్గర సమాధానం చెప్పుకోవాలి. ఏళ్ల చదువును అయిదు వేలకు అద్దెకివ్వకండి.

మూడోది పార్ట్‌టైమ్‌ పని. హోటళ్లకు రేటింగ్‌ ఇవ్వండి, వీడియోలకు లైక్‌ కొట్టండి అంటూ టెలిగ్రామ్‌ గ్రూపులో చేర్చుకుంటారు. మొదట వంద, రెండొందలు నిజంగానే వేస్తారు. అది ఎర. తర్వాత పెద్ద టాస్క్‌ అని వెయ్యి, పది వేలు కట్టించి, లాభం తెర మీద మాత్రమే చూపిస్తారు. పని చేసినందుకు జీతం ఇచ్చేవాడెవడూ పని చేసేవాడి దగ్గర డిపాజిట్‌ అడగడు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

ఇప్పటికే చిక్కుకుని ఉంటే భయపడకండి, సిగ్గుపడకండి. తప్పు చేసింది ఆ మోసగాళ్లు. ఒక యాప్‌ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం ఈ క్షణం నుంచి మానేయండి. యాప్‌ తీసేసేముందే మెసేజీలు, నంబర్లు, యూపీఐ ఐడీలు, లావాదేవీల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. వాళ్లు ఫోన్‌ చేసేలోపు మీరే ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు చెప్పేయండి: నా పేరుతో, నా ఫొటోతో ఏదైనా వస్తే నమ్మొద్దు, అది మోసం అని. ఆ ఒక్క పనితో వాళ్ల చేతిలోని ఆయుధం పోతుంది. వెంటనే సైబర్‌ మోసాల హెల్ప్‌లైన్‌ 1930కి ఫోన్‌ చేయండి. డబ్బు పోయిన కొద్దిసేపట్లోనే చెబితే అది చేతులు మారకముందే ఆపే అవకాశం ఎక్కువ. జాతీయ సైబర్‌క్రైమ్‌ పోర్టల్‌లో, ఉస్మానియా యూనివర్సిటీ పోలీస్‌ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. చట్టవిరుద్ధమైన అప్పు సంస్థల మీద రిజర్వు బ్యాంకు సచేత్‌ పోర్టల్‌లో కూడా చెప్పవచ్చు. మనసు కుంగి బతుకు మీద విరక్తి కలిగితే టెలీ మానస్‌ 14416 రాత్రీపగలూ పలుకుతుంది. గదిలో తోటివాడు రెండు రోజులుగా ఫోన్‌ మోగితే ఉలిక్కిపడుతున్నా, అన్నం మానేసినా, ఏమైందిరా అని పక్కన కూర్చుని అడగండి.

మరి ఆ రెండు మూడు వేల లోటు పూడేదెలా? కొంత ఖర్చు తగ్గించుకోవడంలో ఉంది. ఆర్ట్స్‌ కాలేజ్, జామియా ఉస్మానియా స్టేషన్లలో ఆగే ఎంఎంటీఎస్‌లో టికెట్‌ 5 రూపాయల నుంచే మొదలవుతుంది. ఆర్టీసీలో విద్యార్థులకు పాస్‌ ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నగరంలో 2014 నుంచి నడుస్తున్న అయిదు రూపాయల భోజనం ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లలో దొరుకుతుంది. అక్కడ తినడం నామోషీ కాదు. పుస్తకం కొనేముందు యూనివర్సిటీ లైబ్రరీలో చూడండి. తప్పనిసరైతే కోఠిలో పాతది కొనండి.

మిగతాది ముందుచూపులో ఉంది. ఒక గదిలో అయిదుగురు తలా 200 నెలనెలా వేసుకుంటే ఆరు నెలలకు 6,000 పోగవుతుంది. ఎవరికి అవసరం పడితే వాళ్లు వడ్డీ లేకుండా వాడుకుని తిరిగి వేయవచ్చు. ఇంకా పెద్ద అవసరమైతే బ్యాంకు విద్యారుణం ఫీజులకే కాక హాస్టల్‌కు, పుస్తకాలకు కూడా వర్తిస్తుంది. ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే పథకాలు ఉన్నాయి. బస్తీల్లో ఇల్లు నడిపే అక్కలకు పొదుపు సంఘం, స్త్రీనిధి ఉన్నాయి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న డబ్బు యాప్‌ డబ్బు కంటే ఎన్నో రెట్లు చౌక. అన్నిటికంటే ముందు, ఇబ్బంది ఉందని మనిషికి చెప్పండి. వార్డెన్‌కు చెప్పి గడువు అడగండి, ఇంటి ఓనర్‌ను బతిమాలండి, స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకోండి. ఒక పూట మొహమాటపడినా ఈ దారి ఏ ప్రాణం మీదికీ తేదు.

జాగ్రత్త పడాల్సింది విద్యార్థులు మాత్రమే అంటే అది అన్యాయం. స్కాలర్‌షిప్‌ సకాలంలో వేయడం ప్రభుత్వ బాధ్యత. ఆ డబ్బు ఆగిన ప్రతి నెలా ఈ యాప్‌లకు కొత్త గిరాకీ పుడుతుంది. యూనివర్సిటీ ప్రతి హాస్టల్‌ మెస్‌లో, లైబ్రరీ గుమ్మంలో 1930 నంబరు పెద్ద అక్షరాలతో రాయించాలి. దరఖాస్తు ఇచ్చిన రోజే రెండు మూడు వేలు వడ్డీ లేకుండా అందే అత్యవసర నిధి పెట్టాలి. పూర్వ విద్యార్థులను పిలిస్తే ఆ నిధి నిండటం కష్టం కాదు. కొత్త ఖాతా తెరిచే ప్రతి విద్యార్థికీ దాన్ని అద్దెకిస్తే ఏమవుతుందో బ్యాంకులు తెలుగులో వివరించాలి. కొత్త బ్యాచ్‌ చేరిన వారంలోనే సైబర్‌ పోలీసులు తరగతి గదుల్లోకి రావాలి.

అవన్నీ జరిగేదాకా ఆగకండి. ఈ రోజే మీ ఫోన్‌ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏ యాప్‌కు కాంటాక్టుల అనుమతి ఉందో చూడండి, అక్కర్లేనివి తీసేయండి. 1930ని సేవ్‌ చేసుకోండి. కార్డు, సిమ్‌ ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ పూటే బ్యాంకుకు వెళ్లి వాటిని ఆపించండి, జరిగింది పోలీసులకు మీరే ముందు చెప్పండి. ఈ హెచ్చరికను మీ గదిలో, మీ బస్తీలో మరో నలుగురికి చదివి వినిపించండి.