ఒరిజినల్స్ చూపించండి, ఇవ్వకండి

బోరబండ, మోతీనగర్, అల్లాపూర్ ప్రైవేటు స్కూళ్ల టీచర్లకూ, పిల్లల తల్లిదండ్రులకూ...

దుబాయ్ పోయినవాడి పాస్‌పోర్టు సేటు గుంజుకుంటే అయ్యో అంటాం. ఖతర్‌లోనైతే 2015 నాటి చట్టం ప్రకారం అది నేరం. మరి మన గల్లీ స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరినామె డిగ్రీ, బీఎడ్ ఒరిజినల్స్ కరస్పాండెంట్ బీరువాలో ఎందుకున్నాయి? జూన్‌లో ఇస్తే ఏప్రిల్ దాకా తిరిగి రావు. మధ్యలో మంచి ఉద్యోగం దొరికితే "రెండు నెలల జీతం కట్టి తీసుకుపో" అంటారు. వాళ్లు తీసేయాలనుకుంటే మాత్రం సాయంత్రం పిలిచి, రేపట్నుంచి రావద్దంటారు.

ఇంగ్లీషు బాగా చెప్తారని కేరళ నుంచి పిలిపించుకున్న టీచర్ల తిప్పలు మరీ ఎక్కువ. గది స్కూలువాళ్లదే అయితే ఉద్యోగంతోపాటు గదీ పోతుంది. ఊరుకాని ఊళ్లో, చేతిలో సర్టిఫికెట్ లేకుండా ఎక్కడికని పోతారు?

విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. బడి టీచర్ల విషయంలోనూ అదే మాట రాసి విద్యాశాఖ జీవో ఇవ్వాలి. మేం అడిగేది ముఖ్యంగా ఇదే.

1982 విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రకారం ఆరోపణ చెప్పి, విచారణ జరపనిదే ప్రైవేటు టీచర్ని తీసేయకూడదు. గ్రాట్యుటీ హక్కుందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉంటే ఏం లాభం? అపాయింట్‌మెంట్ లెటరే లేదు. ఏటా జూన్‌లో కొత్తగా చేరినట్టు రాసుకుంటే సర్వీసు లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మే నెల జీతం ఎగ్గొట్టడం సరేసరి.

యాజమాన్యాల బాధ ఉత్తదేం కాదు. డిసెంబరులో టీచరు వెళ్లిపోతే పదో తరగతి పిల్లలు ఆగమవుతారు. అందుకు నెల నోటీసు పెట్టుకోండి, ఇద్దరికీ ఒకేలా. చదువుకున్న కాగితాలు తాకట్టు పెట్టించుకోవడమేంటి?

టీచర్లూ, చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, జిరాక్సులే ఇవ్వండి. ఇప్పటికే ఇచ్చినవాళ్లు సంతకంతో రసీదు అడగండి. పన్నెండు నెలల జీతం లెటర్లో రాయించుకోండి, బ్యాంకులోనే వేయించుకోండి. ఒక్కరే అడిగితే "అమీర్‌పేటలో కేకేస్తే వందమంది వస్తారు" అంటారు. స్టాఫ్‌రూమంతా కలిసి వెళ్లండి.

అమ్మలూ, నాన్నలూ, అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు బేరంతోపాటు ఇంకొకటి కూడా అడగండి: పోయినేడు మా బాబుకు ఇంగ్లీషు చెప్పిన టీచరు ఉన్నారా? లేకపోతే, ఎందుకు వెళ్లిపోయారు?

- బోరబండ ఇంగ్లీషు టీచర్లు కొందరు