అహోబిలం కొల్లగొట్టిందెవరు? మనల్ని రాసిపెట్టిందెవరు?

పీర్ల పండగ దగ్గరికొచ్చింది. దొర్నిపాడు చుట్టుపక్కల మాల, మాదిగ వాడల్లో ఒక కరపత్రం తిరుగుతోంది. అచ్చేసినవాళ్ళ పేరు లేదు, ప్రెస్సు పేరు లేదు. తురకోళ్ళు పరాయి దేశం నుంచి వచ్చినారు, గుళ్ళు కూలగొట్టినారు, మన అహోబిలాన్నే దోచుకున్నారు, కాబట్టి దళిత యువకులారా, ఈ ఏడు పీర్ల ముందర తప్పెట కొట్టొద్దు, గుండం తొక్కొద్దు, మా జెండా పట్టుకోండి అని దాని సారాంశం.

"మన" అహోబిలం అన్నారు. చాలా సంతోషం. ఈ "మన" ఎప్పటినుంచప్పా? మా జేజినాయనల కాలంలో ఏ పెద్ద గుడికి పోయినా బయట నిలబడి చేతులు జోడించి తిరిగొచ్చిందే. మనల్ని గుళ్ళోకి రానివ్వడానికి 1947లో మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. లోపలికి రానివ్వనప్పుడు వాళ్ళ గుడి, దోపిడీ లెక్క చెప్పేటప్పుడు మన గుడి!

అయినా జవాబు చెప్పాల్సిందే. దాచుకునేది మాకేం లేదు. అహోబిలం దోపిడీ అబద్ధం కాదు. 1579లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా సైన్యం కృష్ణ దాటి ఈ సీమ మీద పడింది. అహోబిలం గుడిని కొల్లగొట్టింది. కెంపులు పొదిగిన విగ్రహాన్ని తీసుకుపోయి సుల్తాను ముందర పెట్టింది. ఇంతవరకు కరపత్రం నిజమే. మరి ఆ సైన్యాన్ని నడిపిన సేనాపతి ఎవరు? మురహరిరావు. మరాఠీ బ్రాహ్మణుడు. కరపత్రంలో ఇబ్రహీం పేరు లావు అక్షరాల్లో ఉంది. మురహరిరావు పేరు వెతికినా లేదు.

ఎందుకు కొట్టినాడు? అహోబిలం విజయనగర రాజుల ఆదరణలో పెరిగిన గుడి. కృష్ణదేవరాయలు స్వయంగా వచ్చి మొక్కిపోయిన చోటు. రాజు గుడి అంటే రాజు బొక్కసం, రాజు పరువు. 1565లో రక్కసి-తంగడి యుద్ధంలో విజయనగరం పడిపోయినాక మిగిలిన ముక్కల కోసం కొట్లాట నడుస్తోంది. ఆ కొట్లాటలో పగరాజు పరువు తీసినారు. ఇదే ఇబ్రహీం, పట్టానికి రాకముందు ఏడేండ్లు ఆ విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులు ఈయన్ని మల్కిభరాముడు అని పొగిడినారు. అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితమిచ్చినాడు. సంస్కృతం జోలికి పోకుండా అచ్చ తెలుగులో మొదటి కావ్యం, పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర, అంకితం పుచ్చుకున్నది కూడా ఆయన కొలువులోని అమీన్‌ఖానే. కరపత్రం రాసినవాళ్ళు తెలుగు పంతుళ్ళను అడిగినా చెప్పివుందురు.

ఇదంతా చెప్పి మేం సుల్తాన్ల పల్లకీ మోస్తున్నామనుకోవద్దు. సుల్తాను మారినా, నవాబు మారినా, కుంపిణీ వచ్చినా మన వాడల్లో వెట్టి మారలేదు. పైన కూర్చున్నోడు ఎవరైనా కింద లెక్క రాసింది కరణమే, మాన్యాలు తిన్నది పెద్దకులాలే. జాగీరు, ఇనాం, వసూలు, బాకీ, జప్తు. ఈ మాటలన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి మన వీపుల మీద పడినవే. మేం మర్చిపోలేదు.

కానీ చరిత్ర అంటే సుల్తాన్ల కత్తులేనా? ఇంకొక మనిషి సంగతి చెబుతాం, ఇది వాడల్లో చదివి వినిపించండి. ఆయన పేరు అల్ బిరూనీ. 973లో ఖ్వారిజంలో, ఇప్పటి ఉజ్బెకిస్తాన్ వైపు, పుట్టినాడు. గజనీ మహమూద్ ఆ రాజ్యాన్ని గెలిచి పండితుల్ని తన కొలువుకు పట్టుకుపోయినాడు. అట్లా బిరూనీ మన దేశం వైపు వచ్చినాడు. మన చెవిన పడితే పాపమన్న సంస్కృతాన్ని కష్టపడి నేర్చుకున్నాడు. పంజాబులో నందన కోట దగ్గర ఒక కొండ ఎత్తు కొలిచి, దాని మీద నిలబడి దూరంగా నేల అంచు ఎంత కిందికి కనబడుతుందో చూసి, భూమి వ్యాసార్ధం లెక్కకట్టినాడు. 1030 ప్రాంతంలో హిందూదేశం మీద పెద్ద పుస్తకం రాసినాడు. మహమూద్ దాడులు ఈ దేశ సంపదను సర్వనాశనం చేసినాయని ఆ పుస్తకంలోనే రాసినాడు. ఆ రాజు కొలువులో ఉప్పు తిన్నవాడే!

ఆ పుస్తకంలో మనం ఉన్నాం. నాలుగు వర్ణాల కింద అంత్యజులు ఉన్నారని చెప్పి, వాళ్ళ పనులు ఒక్కొక్కటే లెక్కపెట్టినాడు. చాకలి, చెప్పులు కుట్టేవాడు, గారడీవాడు, బుట్టలూ డాళ్ళూ అల్లేవాడు, పడవ నడిపేవాడు, చేపలు పట్టేవాడు, వేటగాడు, నేతగాడు. వీళ్ళు ఊళ్ళకు దగ్గరే ఉంటారు గానీ ఊరి బయట ఉంటారని రాసినాడు. ఈ ఎనిమిదిలోనూ చాకలితో, చెప్పులు కుట్టేవాడితో, నేతగాడితో మిగతావాళ్ళు సంబంధం కలుపుకోరని కూడా గమనించినాడు. వీళ్ళకంటే కింద చండాలుడు, డోముడు, ఏ కులం లెక్కలోకీ రానోళ్ళు. ఆయన చూసింది ఉత్తరదేశం. కానీ తోలుపని చేసిన మాదిగకు, మగ్గం నేసిన మాలకు ఈ వరస అర్థం కాకుండా పోతుందా? దాదాపు వెయ్యేండ్ల కింద ఒక పరదేశి ఊరికీ వాడకూ మధ్య గీత చూసి, చూసింది చూసినట్టు రాసిపెట్టినాడు. తమ మతంలో భక్తిలో తప్ప మనుషులంతా సమానమనీ, హిందువులకూ తమకూ మధ్య పెద్ద అడ్డుగోడ ఇదేననీ రాసినాడు.

బడిలో లెక్కలు చెప్పేవాళ్ళం కాబట్టి ఇంకొకటి. సున్నతో కూడిన అంకెలు మన దేశంలో పుట్టినాయి, నిజమే. అవి బాగ్దాదు చేరినాక 825 ప్రాంతంలో అల్ ఖ్వారిజ్మీ వాటితో లెక్కచేసే పద్ధతి మీద పుస్తకం రాసినాడు. ఇది హిందూ లెక్క అని చెప్పే రాసినాడు. ఆ తర్వాత యూరపు వాళ్ళు నేర్చుకుని అరబ్బు అంకెలు అన్నారు. ఆల్జీబ్రా అనే మాట ఆయన రాసిన ఇంకో పుస్తకం పేరులోని అల్ జబ్ర్ నుంచే. ఇచ్చినవాళ్ళ పేరు చెప్పి తీసుకున్నారు వాళ్ళు. మన కరపత్రం రాసినోళ్ళకు ఒక సేనాపతి పేరు చెప్పడానికి నోరు రాలేదు.

పరాయిదంతా వదిలేయమంటున్నారు కదా, అట్లనే కానిద్దాం. కాగితం, కలం వదిలేయాలి. అర్జీ, ఫిర్యాదు, దావా, వకీలు వదిలేయాలి. రైతు అనే మాట కూడా అరబ్బీదే. అన్నిటికంటే ముందు మనం ప్రతి మీటింగులో అరిచే "హక్కు" వదిలేయాలి. అరబ్బీలో హక్ అంటే సత్యం, న్యాయంగా రావలసింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ అని ఒకాయన 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టించినాడు. ఈ సీమ పేదపిల్లలు, మాలో కొందరూ, డిగ్రీ మొహం చూసింది ఆ కాలేజీలోనే. ఆయన పేరులో ఉన్నదీ అదే మాట.

ముస్లిం సోదరులకూ ఒకమాట. మొగమాటం లేకుండా అడుగుతాం, ఏమనుకోవద్దు. నల్లబానిస బిలాల్‌ను కాబా పైకెక్కించి బాంగు చెప్పించిన మతం మీది. మసీదులో ఒకే వరసలో నిలబడతారు, మేం చూసినాం, మాకు గౌరవం. మరి దూదేకుల ఇంటికి పిల్లనిచ్చే సయ్యదులు ఎందరు? ఇంట్లో తెలుగు మాట్లాడతాడని దూదేకులోణ్ణి సగం తురకోడని ఎగతాళి చేసేది మీలోవాళ్ళు కాదా? బిరూనీ గొప్పగా చెప్పిన సమానత్వం బడేసావుల ఇంటి గడప దగ్గర ఆగిపోతే ఎట్లా?

కరపత్రం వచ్చినాక దూదేకుల మామ ఒకాయన మా దగ్గరికొచ్చి, "ఏమబ్బీ, ఈ ఏడు తప్పెటలు రావంట కదా" అని అడిగినాడు. పీర్లను ఎత్తుకునేది ఆయన వంశమే. మా జేజి కాన్పు కష్టమైతే మొక్కుకుని చక్కెర చదివించింది ఆ పీర్లకే. చావిడి ముందర గుండం తవ్వేది, కట్టెలు తెచ్చేది, తప్పెట కొట్టేది మన వాళ్ళే. చదివింపులు చేత్తో అందించి, అదే చేత్తో మన పిల్లల నుదుట విభూతి పెట్టేది ఆయనే. దూరం నుంచి విసిరేసింది మేం చూళ్ళేదు.

రెండు వాడల పెద్దమనుషులూ కూర్చుని మాట్లాడుకున్నారు. మామకు జవాబు చెప్పి పంపినాం: తప్పెటలు ఎప్పటిలాగే మాదిగవాడ నుంచి వస్తాయి, కట్టెలు మాలవాడ నుంచి వస్తాయి. తప్పెట వెట్టి కాదు కాబట్టి కొట్టేవాళ్ళకు కూలి ముందే మాట్లాడుకుంటాం. కరపత్రం అచ్చేసినవాళ్ళకు కూడా ఒక అర్జీ పెడుతున్నాం. వచ్చే కరపత్రంలో మురహరిరావు పేరు లావు అక్షరాల్లో వేయండి. కింద మీ పేర్లూ వేయండి.