రీటా సంగతేమిట్రా?

బెంగుళూరులో చదివే మా చెల్లెలి కొడుకు సెలవులకని హాలహర్వి వచ్చాడు. చొక్కా మీద జడలు కట్టిన జుట్టుతో ఎవరిదో బొమ్మ. "ఎవర్రా ఈ అవధూత?" అన్నాను.

"అవధూతేమిటి పెద్దమ్మా, బాబ్ మార్లే! రెగ్గే పాటతో లోకాన్ని తిరగబడమన్న జమైకా గాయకుడు" అంటూ 2012లో కెవిన్ మెక్‌డొనాల్డ్ తీసిన 'మార్లే' డాక్యుమెంటరీ పెట్టి కూర్చోబెట్టాడు.

బాగుంది, కాదనను. 1976 డిసెంబరు 3న దుండగులు ఇంట్లో చొరబడి కాల్చారట. ఛాతీకి, చేతికి దెబ్బలు. అయినా రెండు రోజులకే వేదికెక్కి పాడాడు. "అదీ మగతనమంటే!" అని మావాడు తొడ చరిచాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ కాల్పుల్లోనే ఆయన భార్య రీటాకు తలకు గుండు తగిలింది. తలకు కట్టుతోనే వచ్చి ఆయన వెనక నిలబడి పాడింది. మరి దానికేం పేరు పెడతావురా అంటే నీళ్లు నమిలాడు. ఆయనకు 11 మంది పిల్లలు, తల్లి ఒక్కతే కాదు. కూతురు సెడెల్లా మాటల్లో ఆ మంట ఇంకా ఆరలేదు. తీసినవాడు దాచలేదు సుమండీ, చూసేవాడికే చెవికెక్కలేదు.

మన దగ్గర మాత్రం? గద్దర్ కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలాడు, 1985 నుంచి 1990 దాకా అజ్ఞాతంలో ఉన్నాడు. 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగితే ఒక గుండు 2023లో ఆయన పోయేదాకా ఒంట్లోనే ఉంది. ఇదంతా మనకు కంఠతా వచ్చు. ఆయన లేని ఆ అయిదేళ్లూ ఆ ఇంట్లో ఎసరు పెట్టిందెవరని అడిగామా? ఆవిడ పేరు విమల.

"గొప్పవాళ్ల దగ్గర ఇలాంటి లెక్కలు చూడకూడదు" అంటారు మావారు. ఎందుకు చూడకూడదండీ? చేసిన కష్టానికి లెక్క తేల్చమనే కదా వాళ్ల పాటంతా! మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు సుగ్గికని చంకలో పిల్లలతో గుంటూరు మిరప చేలకు పోతారు. కోసేటప్పుడు ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. గద్దర్ బాణీలు కూడా ఇలాంటి పల్లెపాటల్లోంచి వచ్చినవే. ఎత్తుకున్న ఆమె పేరు మాత్రం ఏ చొక్కా మీదా అచ్చు కాదు.

సాయంత్రం మావాడు ఆ చొక్కా విప్పి, "పెద్దమ్మా, కాస్త ఉతికి పెట్టవా, రేపు వేసుకోవాలి" అని నా ముందు పడేశాడు.

సబ్బుబిళ్ల వాడి చేతిలో పెట్టి, బావి దారి చూపించాను.