గోలీలు పెంచుడు కాదు, హాస్టల్ బువ్వ టైమ్ మారాలె



ఆత్మకూర్ (ఎస్) మండలం తండాల నుంచి వచ్చి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లల్ల చదువుకునే మనోళ్లలో కొందరం ఏడీహెచ్‌డీకి గోలీలు వేసుకుంటున్నాం. "పిచ్చి గోలీలు" అంటరని ఇన్నాళ్లు ట్రంకు పెట్టె అడుగున దాచుకున్నాం. ఇప్పుడు ఎందుకు రాస్తున్నామంటే, మొన్న పరీక్షల ముందు మనలో ఒక తమ్ముడు "ఇది ఇంక పనిచేస్తలేదు" అని తనంతట తానే రెండు గోలీలు వేసుకున్నడు. గుండె దడ, చేతుల వణుకుతోని తెల్లార్లు కూసున్నడు. పొద్దున పరీక్ష కూడ సరిగ రాయలేకపోయిండు.

ఈ మందు పేరు మిథైల్‌ఫెనిడేట్. కొత్తదేం కాదు, 1944లోనే తయారైంది. మెదడులో డోపమైన్, నార్ అడ్రినలిన్ ఎక్కువసేపు పనిచేసేటట్టు చేస్తది. మామూలు గోలీ బలం సుమారు నాలుగు గంటలు. మెల్లగ కరిగే రకం పన్నెండు గంటల దాకా కూడ ఉంటది. దీనివల్ల మాకు మేలు జరిగింది, అది దాచం. ఒక పేజీ మొదలుపెడితే చివరిదాకా చదవగలుగుతున్నాం.

కానీ మధ్యాహ్నం మెస్సులో అన్నం పెట్టేటప్పుడు ఆకలి చచ్చిపోయి ఉంటది. రెండు ముద్దలు తిని లేస్తం. ఏడు గంటలకు రాత్రి భోజనం పెట్టినా నోట్లకు పోదు. మందు దిగిపోయినంక చిరాకు, తలనొప్పి, దాని ఎనక విపరీతమైన ఆకలి. అప్పటికి మెస్సుకు తాళం పడి ఉంటది. ఖాళీ కడుపుతోని నిద్ర పట్టదు. నిద్ర లేని తెల్లారి గోలీ వేసుకున్నా మనసు నిలవదు. అప్పుడు మనం అనుకునేది ఒక్కటే: "ఒంటికి అలవాటైపోయింది, డోసు పెంచాలె."

మా మాట ఏందంటే, మేం "అలవాటైంది" అనుకున్నది చాలాసార్లు ఆకలి, నిద్రలేమే. ఇంకోటి, మొదటి రోజుల్లో కనిపించే హుషారు తగ్గినంత మాత్రాన మందు పని ఆగిపోయినట్టు కాదు. నిజంగనే ప్రభావం తగ్గేవాళ్లూ ఉంటరు. అట్లయితే డోసు మార్చాల్నా, అటమాక్సెటిన్ లాంటి వేరే మందు ఇవ్వాల్నా అన్నది డాక్టరు సారు బీపీ, నాడి, బరువు చూసి చెప్పాలె. రూమ్మేట్ చెప్పేది కాదు. ఒకరి గోలీ ఇంకొకరికి ఇచ్చుడు అసలే వద్దు. ఇది 1985 ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో ఉన్న మందు.

సెలవులకు పోతే చిక్కిన మొహం చూసి యాడి "ఆ గోలీలు పారేయ్" అంటది. ఆమె బాధలో న్యాయం ఉంది. అయితే పారేసుడు కాదు, ఆ చిక్కిన సంగతే డాక్టరుకు చెప్పాలె. ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవుడు, చెడ్డ ఆలోచనలు వస్తే ఆగకుండ దవాఖానకు పోవాలె. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఎవరితోనన్న మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, పైసలు పడవు.

వార్డెన్ సార్లను, మేడమ్‌లను మేం అడిగేది పెద్దదేం కాదు. పొద్దున గోలీకి ముందు కడుపునిండ టిఫిన్, రాత్రి తొమ్మిదిన్నరకు మూత పెట్టి ఉంచిన ఒక పళ్లెం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు, అందుకని కాగితం చూపించి అడగలేం. నోరు తెరిచే అడగాలె. ఒక్కరే అడిగితే సాకు అంటరు. అందరం కలిసి అడుగుదాం.

గోలీ వేసుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఒంటరి కాదు. డోసు మీద చెయ్యి పెట్టే ముందు ఒక్కసారి చూసుకోండి: నిన్న ఏం తిన్నం, ఎన్ని గంటలు పన్నం?