మాటతో సరిపెట్టుకున్నాం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు పడకేశాయి, విమానాశ్రయం పైకప్పు ఊడిపోయింది. నౌకాదళం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. అలాంటి ఊళ్లోంచి ‘మేం క్షేమంగా ఉన్నాం’ అన్న ఒక్క ముక్క కోసం బయట ఎన్నో కుటుంబాలు ఆరాటపడుతూ ఎదురుచూశాయి. హామ్ రేడియో లైసెన్సు ఉన్న మనం తుపానుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్లు చేసిన సేవ గురించి చెప్పుకుంటాం. సెట్లు, బ్యాటరీలు మోసుకుంటూ బాధిత ప్రాంతాలకు వెళ్లినవాళ్లున్నారు. రాత్రంతా కూర్చుని ఫ్రీక్వెన్సీ కాసినవాళ్లున్నారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ చేయగలిగి ఉండీ మనం చేయని పని ఒకటుంది. ఇన్ని తుపానులు వచ్చిపోయినా దాన్ని పూర్తి చేయలేదు. రేడియో మీద ఈమెయిల్ పంపే ఏర్పాటు అది.

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. విన్‌లింక్ అనే వ్యవస్థ దశాబ్దాలుగా నడుస్తోంది. నడిపేది అమెరికాలోని ఒక స్వచ్ఛంద సంస్థ, పనిచేసేవాళ్లు మనలాంటి హామ్‌లే. సముద్రం మధ్యలో పడవల మీద తిరిగేవాళ్లు ఇంటికి ఉత్తరాలు రాసుకోవడానికి దాన్నే వాడుతూ వచ్చారు. మన కాల్‌సైనే మన ఈమెయిల్ అడ్రసు. ల్యాప్‌టాప్‌లో ఉత్తరం టైపు చేస్తాం, ల్యాప్‌టాప్‌ను ఒక కేబుల్‌తో హెచ్‌ఎఫ్ రిగ్‌కు, అంటే మన రేడియో సెట్టుకు, కలుపుతాం. సాఫ్ట్‌వేరు ఆ అక్షరాలను కుదించి శబ్దాలుగా మార్చి గాల్లోకి పంపిస్తుంది. వందల కిలోమీటర్ల అవతల, ఇంటర్నెట్ పనిచేస్తున్న ఊళ్లో ఉన్న గేట్‌వే స్టేషన్ దాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి అది మామూలు ఈమెయిల్‌లాగే కలెక్టరు ఆఫీసుకో, ఆసుపత్రికో, దుబాయిలో ఉన్న కొడుక్కో చేరుతుంది. మధ్యలో ఒక ముక్క చెడితే అవతలి మెషీన్ ఆ ముక్కనే మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. బ్యాండు బాగుంటే పేజీడు ఉత్తరం ఒకటి రెండు నిమిషాల్లో వెళ్లిపోతుంది. ఆ గేట్‌వేకు కూడా ఇంటర్నెట్ లేకపోతే ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు నేరుగా పంపుకోవచ్చు.

ఇది మనకు తెలియక కాదు. తెలిసీ పక్కన పెట్టాం.

మాటలో ఉండే ఆనందం మనల్ని అక్కడే ఆపేసింది. పొద్దున్నే రేడియో నెట్‌లో చెక్-ఇన్ అవుతాం. నెట్ కంట్రోల్ మన కాల్‌సైన్ పిలవగానే ఫైవ్ నైన్ అని సిగ్నల్ రిపోర్టు ఇచ్చుకుంటాం, వాతావరణం చెప్పుకుంటాం, వీడ్కోలుగా సెవెంటీ త్రీ చెప్పి దిగిపోతాం. రోజూ చేసే ఈ పనే అత్యవసర సన్నద్ధత అని నమ్మాం, నలుగురినీ నమ్మించాం. తుపాను రోజున గొంతు వినిపిస్తే చాలనుకున్నాం. ఆ రోజున పంపాల్సినవి జాబితాలని గ్రహించలేదు. తప్పిపోయినవాళ్ల పేర్లు, పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్ల పేర్లు, మందుల పేర్లు, మోతాదులు, ఏ ఊరికి ఎన్ని నీళ్ల ట్యాంకర్లు కావాలి, ఏ జనరేటరుకు ఎంత డీజిలు కావాలి. అలాంటి జాబితా నోటితో పంపితే ఏమవుతుందో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు, నెట్ నడిపిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని కొట్టింది. కొబ్బరితోటలూ జీడితోటలూ నేలమట్టమయ్యాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అక్కడ వజ్రపుకొత్తూరు అనే మండలం ఉంది. ఆ పేరును ఇంగ్లిషు అక్షరాల్లో రేడియోలో చెప్పాలంటే విక్టర్, ఆల్ఫా, జూలియట్, రోమియో, ఆల్ఫా, పాపా, యూనిఫామ్ అంటూ ఒక్కో అక్షరమే పలుకుతూ పోవాలి. ఇంత కష్టపడ్డాక మొదటి సగం స్టాటిక్‌లో కలిసిపోతే మిగిలేది కొత్తూరు. ఆ జిల్లాలోనే కొత్తూరు అని ఇంకో మండలం ఉంది. ఊరి పేరొక్కటే ఇలా ఉంటే, దాని కింద నలభై మంది పేర్లు, ఇంటిపేర్లు, వయసులు, ఎవరికి ఏ మందు కావాలో చదవాలి. ఇంగ్లిషులో ఫిఫ్టీన్ అన్నారా ఫిఫ్టీ అన్నారా అని రెండుసార్లు అడగాలి. అవతల రాసుకునేవాడి చెయ్యి నొప్పెడుతుంది, ఇవతల చదివేవాడి గొంతు ఎండిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, ఫ్రీక్వెన్సీ కోసం ఇంకో నలుగురు కాచుకుని ఉంటారు. ఉద్దానం కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రాంతం. డయాలసిస్ మీద బతికేవాళ్లకు కరెంటు లేని ఒక్కో రోజూ ప్రాణగండమే. వాళ్ల జాబితా ఒక్క అక్షరం తేడా లేకుండా వెళ్లాలి. అలా పంపే దారి మన చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాన్ని మనం అందుకోలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. ఆఖరి రోజున టెలిగ్రాం ఆఫీసుల ముందు జనం వరుసలు కట్టారు, పత్రికలు జ్ఞాపకాలు రాశాయి, మనం కూడా బాధపడ్డాం. రాతపూర్వకమైన కబురును టవర్ల మీద ఆధారపడకుండా మోసే పాత మార్గం ఒకటి మూతపడింది, ఆ పని ఇక ఎవరు చేయాలి అని మనం అడగలేదు. మూడు నెలలు తిరక్కుండానే ఫైలిన్ తుపాను వచ్చింది, మరుసటి ఏడు హుద్‌హుద్. మోర్సు కోడు మన కుటుంబ ఆస్తి అని గర్వంగా చెప్పుకునే మనకు ఆ ఖాళీ కనిపించి ఉండాల్సింది.

సాకులు చాలా చెప్పాం. వాటిలో కొన్ని ఒకప్పుడు నిజమే. హెచ్‌ఎఫ్ మీద వేగంగా మెయిల్ పంపాలంటే ఒకప్పుడు జర్మనీలో తయారయ్యే పాక్టర్ మోడెమ్ కావాలి, దాని ధర రిగ్ ధరతో పోటీపడేది. మధ్యతరగతి హామ్ దాన్ని కొనలేడు, నిజం. తర్వాత సౌండ్ కార్డుతోనే పనిచేసే ఆర్డాప్, వారా లాంటి సాఫ్ట్‌వేర్ మోడెములు వచ్చాయి. ఆర్డాప్ ఉచితం. వారా కూడా వేగం తగ్గించిన రూపంలో ఉచితంగానే దొరుకుతుంది. వీహెచ్‌ఎఫ్ మీద ప్యాకెట్ పంపడానికి డైర్‌వుల్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. ఆ రోజుతో ధర సాకు తీరిపోయింది. మనం మాత్రం దాన్ని వదలలేదు. కొత్త యాంటెనాకూ, కాంటెస్టు కోసం లీనియర్ యాంప్లిఫయరుకూ డబ్బు దొరికిన మన రేడియో గదుల్లో రెండు వందల రూపాయల కేబుల్ లేకపోయింది.

నియమాల సాకు ఇంకోటి. మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు మోయకూడదు, నిజమే. కానీ ప్రకృతి వైపరీత్యం వచ్చి మామూలు సమాచార సాధనాలు కూలినప్పుడు జిల్లా యంత్రాంగం కబుర్లు మోయడానికి మన అమెచ్యూర్ నియమాలే వీలిచ్చాయి. అంతర్జాతీయ రేడియో నిబంధనలు కూడా విపత్తు వేళ ఇతరుల సందేశాలు పంపడానికి చోటిచ్చాయి. ఇంకా స్పష్టత కావాలంటే అడగాల్సింది మనమే. గేట్‌వే పెట్టుకోవడానికి ఏం కావాలి, ఇంటర్నెట్‌తో కలపడానికి షరతులేమిటి అని అందరం కలిసి ఒక్క విజ్ఞాపన గట్టిగా పట్టుకుని తిరిగామా? అడక్కముందే ‘వాళ్లు ఒప్పుకోరు’ అని తేల్చేసుకున్నాం. శిక్షణ దొరకలేదని అనడానికీ లేదు. హామ్ రేడియో కోసమే పుట్టిన జాతీయ సంస్థ 1983 నుంచి హైదరాబాదులోనే ఉంది. హామ్‌ల కోసమే తయారైన ఉపగ్రహం హామ్‌శాట్ 2005 మే నెలలో మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఇంతమంది ఇంత ఇచ్చాక మన వంతు పని మనం చేయలేదు.

మనకు మనమే చెప్పుకునే కథల్లోకెల్లా పెద్దది 2004 డిసెంబరు 26 కథ. సునామీ వచ్చినప్పుడు మన తోటి హామ్ భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ నుంచి ప్రపంచ హామ్‌లతో మాట్లాడడానికి వెళ్లిన ఆమె, అన్ని లైన్లూ తెగిపోయిన ఆ ఉదయం అదే స్టేషన్‌తో అత్యవసర కబుర్లు మోశారు. ఆ ధైర్యం, ఆ సమయస్ఫూర్తి మన చరిత్రలో నిలిచిపోతాయి. కానీ ఆ స్టేషన్ ఆ రోజున అక్కడ ఉండడం యాదృచ్ఛికం. దూర దేశాలతో మాట్లాడే ఆ డీఎక్స్ యాత్ర వేరే నెలలో జరిగి ఉంటే ఆ యాంటెనా అక్కడ ఉండేది కాదు. ఆ యాదృచ్ఛికాన్ని మనం సన్నద్ధతకు రుజువుగా చూపించుకున్నాం. ఇరవై ఏళ్లుగా ప్రతి సభలోనూ చప్పట్లు కొట్టాం. ఆమె చేసిన పనికి మనం ఇవ్వాల్సిన గౌరవం వేరు. తీరం పొడుగునా ఎవరో ఒకరు అదృష్టవశాత్తూ అక్కడ ఉండాల్సిన అవసరం లేకుండా చేసి ఉండాల్సింది.

2017 సెప్టెంబరులో మరియా తుపాను ప్యూర్టోరికోను ధ్వంసం చేసినప్పుడు రెడ్‌క్రాస్ కోరితే అమెరికా హామ్ సంఘం 22 మంది వలంటీర్లను పంపింది. బతికి ఉన్నవాళ్ల పేర్లు రెడ్‌క్రాస్ నమోదు పట్టికకు చేర్చడం వాళ్ల పనుల్లో ఒకటి. వాళ్లతో పాటు వెళ్లిన సామగ్రిలో విన్‌లింక్ ఏర్పాటు ఉంది. అది చదివి మనం మెచ్చుకున్నాం, ఒకరికొకరం పంపుకున్నాం. వాళ్లకు డబ్బుంది, మనకు లేదు అనుకున్నాం. వాళ్లు వారం వారం, తుపాను లేని రోజుల్లో కూడా, విన్‌లింక్ మీద ఉత్తరాలు పంపుకుంటూ సాధన చేస్తారన్న సంగతిని మాత్రం పట్టించుకోలేదు.

ఆ సాధన లేకపోతే ఏమవుతుందో చూడండి. సాఫ్ట్‌వేరు తుపాను రోజున డౌన్‌లోడ్ చేసుకోలేం, ఎందుకంటే ఇంటర్నెట్ లేకపోవడమే మన సమస్య. ఖాతా ముందే తెరిచి ఉండాలి, ఫారాలు ముందే ఎక్కించి ఉండాలి. ఏ గేట్‌వే ఏ వేళకు ఏ బ్యాండు మీద దొరుకుతుందో అలవాటై ఉండాలి. శ్రీకాకుళం నుంచి విజయవాడ వరకు పగలు 7 మెగాహెర్ట్జ్ మీద పని జరగాలంటే యాంటెనాను ఎత్తుగా కట్టకూడదు, రెండు వెదురు గడల మీద తక్కువ ఎత్తులో లాగాలి. అప్పుడు తరంగం నిటారుగా పైకి వెళ్లి దగ్గరి ఊళ్ల మీదే పడుతుంది. దూర దేశాలు అందాలని ఎత్తులు పెంచుతూ పోయిన మనకు ఇది తిరగబడ్డ పాఠం. ఇంకో చిక్కు ఉంది. బయటి నుంచి విన్‌లింక్ అడ్రసుకు ఎవరు పడితే వాళ్లు మెయిల్ పంపితే అది లోపలికి రాదు. మనం ముందుగా ఆ అడ్రసుకు ఒక ఉత్తరం రాసి ఉండాలి, లేదా వాళ్లు సబ్జెక్ట్ మొదట్లో నిర్ణీత గుర్తు పెట్టాలి. కంట్రోల్ రూములో కూర్చున్న ఉద్యోగికి ఇది ముందే చెప్పకపోతే మన ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు దారిలోనే ఆగిపోతుంది. హామ్ రేడియోలో గోప్యత ఉండదనీ, పంపేది ఎవరైనా చదవగలరనీ కూడా ముందే చెప్పాలి. రోగుల వివరాలు ఎంతవరకు రాయాలో అప్పుడే తేల్చుకోగలం. ఇవన్నీ ఎండాకాలంలో, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయాలు. ఆ కూర్చోవడమే జరగలేదు.

అన్నిటికన్నా బాధ పెట్టేది కుర్రవాళ్ల విషయం. ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వచ్చి లైసెన్సు తెచ్చుకున్న పిల్లలు డిజిటల్ మోడ్‌ల గురించే అడిగారు. ‘ముందు మోర్సు నేర్చుకో బాబూ, కంప్యూటరు పెట్టి చేసేది కూడా హామ్ రేడియోయేనా’ అని మనలో పెద్దవాళ్లు అన్నారు. పక్కనే కూర్చున్న మిగతావాళ్లం ఊరుకున్నాం. పైథాన్‌లో ప్రోగ్రాం రాయగల పిల్లలు వాళ్లు, రాస్ప్‌బెర్రీ పై మీద గేట్‌వే నిలబెట్టగల పిల్లలు. వాళ్ల చేత నెట్‌లో వాతావరణం చెప్పించాం. కొన్నాళ్లు వచ్చారు, మానేశారు. ఇప్పుడు వాళ్లు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్నారు, వాళ్ల కాల్‌సైన్లు మన జాబితాల్లో ఉన్నాయి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఊళ్లకు ఊళ్లు పోయిన సంగతి బయటి లోకానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. అప్పుడు సాధనాలు లేవు, ఇప్పుడున్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ నీళ్లలో మునిగింది. డాబాల మీద నిలబడ్డవాళ్లకు డ్రోన్లతో ఆహారం వేశారు. అక్కడ ఎవరికి ఇన్సులిన్ కావాలో, ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో పేరూ వీధీ సహా పంపగల వ్యవస్థ మన చేతిలో ఉండాల్సింది. ఆ నగరంలోనూ, చుట్టుపక్కలా లైసెన్సులున్న హామ్‌లు ఉన్నారు. చార్జింగ్ అయిపోయిన ఫోనుతో డాబా మీద నిలబడ్డ ఆ మనిషికి మనం ఏ జవాబు చెప్పగలం?

కావాల్సింది ఇంతే: తీరం మీది ప్రతి జిల్లాకూ కనీసం ఒక స్టేషన్, తుపాను అందని దూరంలో హైదరాబాదులో ఒకటి, రాయలసీమలో ఒకటి ఎప్పుడూ ఆన్‌లో ఉండే గేట్‌వేలు. దానికి పన్నెండు వోల్టుల బ్యాటరీ, సోలార్ పలక, ఒక పాత ల్యాప్‌టాప్, నెలకింత కరెంటు బిల్లు. ఆ బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గరే మన సమావేశాలు ఆగిపోయాయి. పలాసలో సెల్ టవరు పడిపోయిన రాత్రి జిల్లా కంట్రోల్ రూముకు పంపాల్సిన ఉత్తరం ఏ ఈమెయిల్ అడ్రసుకు వెళ్లాలో మనలో చాలామందికి ఈ రోజుకీ తెలియదు. అది తెలుసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, రిగ్ అక్కర్లేదు. ఆఫీసు పనివేళల్లో వెళ్లి అడిగితే చాలు, మనం వెళ్లలేదు.