విశాఖ రేవున విహారనౌకలు

బాలాపూరు వారికి శంషాబాదు విమానాశ్రయము చేరువ, సముద్రము దూరము. అయినను గంటన్నరలోపల విశాఖ చేరి విహారనౌక నెక్కవచ్చునని పలువురు తలచుచున్నారు. అచట దాదాపు 96 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించిన ప్రయాణికుల నౌకాస్థానము 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. ఏడాది పొడవునను అచటినుండి నడచు విహారనౌక మాత్రము లేదు. 2022 జూనులో చెన్నపురినుండి వచ్చిన 'ఎంప్రెస్' 1990లో ఫ్రాన్సున కట్టబడినది. 1948 మార్చి 14న నెహ్రూగారు 'జలఉష'ను నీట దింపినది ఈ విశాఖలోనే గదా! ఆ నౌకానిర్మాణశాల, నేటి హిందూస్తాన్ షిప్‌యార్డు, కన్నులయెదుట నుండగా ప్రజాధనముతో రేవు కట్టి పరదేశపు పాతయోడకై యెదురుచూచుట యేమి నీతి? ప్రయాణికనౌకల నిర్మాణమును ప్రభుత్వము ముందుగా మన శాలకే యొప్పగింపవలెను.

అంతవరకు పోదలచినవారు రేవుసుంకమును పన్నులును టిక్కెట్టు వెలలో చేరినవో లేవో విచారించుకొనుట మేలు. రేవుల మార్పును గూర్చిన షరతును మరింత శ్రద్ధగా చదువవలెను. ఓడలోని జూదశాలపై ఆందోళన రేగినందున 2022లో ఆ 'ఎంప్రెస్'ను పుదుచ్చేరి ప్రభుత్వము రేవున నిలువనీయలేదు. సొమ్ము చెల్లించినవారు దిగవలసిన యూరిని దిగకయే మరలిరి.