గుండె జబ్బు: రక్తపరీక్ష చెప్పేది, చెప్పనిది

'కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది' అన్న ఒక్క మాటతో రిపోర్టును బీరువాలో పెట్టి నిశ్చింతగా ఉండిపోతాం. కానీ ఆ ఒక్క అంకెతో గుండె క్షేమాన్ని నిర్ణయించలేము.

గుండెకు రక్తాన్ని అందించే ధమనుల గోడల్లో కొవ్వు ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా పేరుకుంటుంది. దానిని అక్కడికి చేరవేసేవి రక్తంలోని సూక్ష్మ రేణువులు. ఎల్‌డిఎల్ పరీక్ష ఆ రేణువుల్లోని కొలెస్ట్రాల్ ఎంతో చెబుతుంది గాని రేణువులు ఎన్నో చెప్పదు. సరుకు బరువు తెలిసినంత మాత్రాన ఎన్ని బండ్లు వచ్చాయో తెలియదు కదా! ఒక్కో రేణువుకు ఒక్కటే అపో-బి ప్రొటీన్ ఉంటుంది కనుక, అపో-బి పరీక్ష బండ్లనే లెక్కిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డిఎల్ తక్కువగా ఉన్నవారిలో, ముఖ్యంగా మధుమేహ రోగులలో, ఎల్‌డిఎల్ సాధారణంగా కనిపించినా రేణువుల సంఖ్య అధికంగా ఉండవచ్చు.

రెండవది లైపోప్రొటీన్-ఎ. నార్వే శాస్త్రవేత్త కారె బెర్గ్ 1963లో దీనిని వెల్లడించారు. ఇది ప్రధానంగా వంశపారంపర్యంగా వస్తుంది; ఆహార నియమాలతో పెద్దగా మారదు. కనుక చాలామందికి జీవితంలో ఒక్కసారి పరీక్షిస్తే చాలు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువని భావిస్తారు. తండ్రికో అన్నకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కకో 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే మిగిలినవారు ఈ పరీక్ష గురించి వైద్యుణ్ణి తప్పక అడగాలి. ఈ అంకెను తగ్గించలేకపోయినా రక్తపోటు, ఎల్‌డిఎల్, పొగాకు వంటి ఇతర ముప్పులను తగ్గించుకోవడం మన చేతిలోనే ఉంది.

మూడవది హెచ్‌బిఎ1సి. సుమారు మూడు నెలల చక్కెర సగటును ఇది తెలుపుతుంది. 5.7 నుంచి 6.4 శాతం వరకు మధుమేహానికి ముందు దశ, 6.5 శాతం, ఆపైన మధుమేహం.

అయితే ఈ పరీక్షలేవీ ధమనిలోని అడ్డంకిని చూడలేవు. ముప్పును మాత్రమే అంచనా వేస్తాయి. ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు మొదలైతే పాత రిపోర్టు బాగుందని ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. అక్కడ ఇసిజి, ట్రోపోనిన్ పరీక్షలతో అసలు సంగతి తేలుస్తారు. స్త్రీలలో దవడ నొప్పి, వెన్నునొప్పి, వికారం రూపంలోనూ గుండెపోటు రావచ్చు. దానిని గ్యాస్ అనుకొని సోడా తాగించి పడుకోబెట్టడం ప్రాణాంతకం.

ఇంట్లో అందరికీ వండిపెట్టే తల్లి రక్తపరీక్ష చివరికి వాయిదా పడుతూనే ఉంటుంది. ఈసారి ఆమెతోనే మొదలుపెడదాం.